తోట బండికి కొత్త కమాన్ కట్టలు: ప్రాజెక్టు డైరీ

జూన్ 3

మా బత్తాయి తోట చందంపేట వైపు ఉంది. దేవరకొండ నుంచి వచ్చే తారు రోడ్డు దిగాక మట్టి దారి, ఆ దారికి అడ్డంగా ఒక వాగు. అందులో నీళ్ల కంటే బండలే ఎక్కువ. ప్రతి వానాకాలం ఇసుక కొట్టుకుపోయి, కిందటేడు కనిపించని రాయి ఈ ఏడు పైకి తేలుతుంది. నిన్న సాయంత్రం ఎరువు బస్తాలతో దాటుతుంటే అలాంటి రాయి ఒకటి బండి నడుముకు తగిలి, చట్రం అంతా జల్లుమంది.

బండి 2012 నాటి మారుతి జిప్సీ, 1298 సీసీ పెట్రోలు ఇంజను. ముందూ వెనకా నిండు ఇరుసులే (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), నాలుగు మూలలా కమాన్ కట్టలే, అంటే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగులు. ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు అంటుకుని ఉండదు. వేరుగా, బండి నడుమ వేలాడుతూ ఉంటుంది. రాయి గీసింది దాని పక్కనున్న అడ్డపట్టీనే. నాలుగు వేళ్లు పక్కకు తగిలి ఉంటే కేసు పగిలి ఆయిలంతా వాగులో కలిసేది.

ఈ రోజు పొద్దున్నే కిందికి దూరి చూశాను. వెనక కట్టలు వంపు పోయి దాదాపు చదునుగా పడుకున్నాయి. కుడివైపు కట్టలో నాలుగో పట్టీ సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర చీలింది. ఇరుసు చట్రానికి కొట్టుకోకుండా ఆపే బంప్ రబ్బరు ఇరుసుకు తగిలి తగిలి నల్లగా మెరుస్తోంది. ఇక ఆగే పని లేదు. ఆగస్టులో కాయ కోత మొదలయ్యేలోపు కట్టలు మార్చాలి, మార్చేటప్పుడే బండిని 40 మి.మీ. ఎత్తాలి.

40 మాత్రమే ఎందుకంటే, గీత పడిన లోతు చూస్తే నడుముకు ఆ మాత్రం చాలు. రెండో కారణం చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన లక్షణాలను మార్చడాన్ని కట్టడి చేస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అందుకని చట్రానికి కోత పెట్టను, వెల్డింగు పెట్టను. పాత భాగాలన్నీ మూట కట్టి దాస్తాను. ఇది తోట దారి బండి, అలాగే ఉంటుంది.

ఒక విషయం మొదటే రాసి పెట్టుకోవాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. నిండు ఇరుసు ఉన్న బండికి స్ప్రింగులు మార్చితే చట్రం లేస్తుంది, నడుము లేస్తుంది, బంపరు లేస్తుంది. ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు, ఎందుకంటే అది చక్రాలతో పాటే నేలకు కట్టుబడి ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. ఇప్పుడున్న 205/70 ఆర్15 టైరు వ్యాసం 668 మి.మీ. 215/75 ఆర్15 వేస్తే 703 దాటుతుంది. అందులో సగం, అంటే 18 మి.మీ., డిఫరెన్షియల్ కింద దక్కుతుంది. స్పీడోమీటరు మాత్రం సుమారు 5 శాతం తక్కువ చూపిస్తుంది: ముల్లు 60 మీద ఉంటే అసలు వేగం 63.

జూన్ 6

కొనడానికి ముందు తూకం వేయాలనుకున్నాను. కొండమల్లేపల్లి దారిలోని పత్తి మిల్లు కాంటాకు తీసుకెళ్లాను. ఈ రోజుల్లో మిల్లుకు పత్తి రాదు, కాంటా ఖాళీగానే ఉంది. ముందు చక్రాలు మాత్రం ప్లేటు మీద పెట్టి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రం ఉంచి ఒకసారి తూచాం. ముందు 560 కిలోలు, వెనక 430, మొత్తం 990. విడివిడి తూకాలు కలిపితే మొత్తానికి సరిపోయింది. సగం ట్యాంకు పెట్రోలు, గుడ్డ టాపు, లోపల మనిషి లేడు. కాంటా పది కిలోల మెట్లలో చూపిస్తుంది కాబట్టి ఐదారు కిలోల తేడా ఉండవచ్చు. ఈ పనికి అది అడ్డం కాదు.

వెనక 430లో అంతా స్ప్రింగుల మీద పడదు. ఇరుసు, చక్రాలు, బ్రేకు డ్రమ్ముల బరువు నేరుగా నేల మోస్తుంది. దానికి 120 కిలోలు తీసేశాను. మిగిలింది 310, అంటే ఒక్కో కట్ట మీద 155 కిలోలు. కోత రోజుల్లో వాగు అవతలికి లారీ రాదు, కాయంతా ఈ బండిలోనే రోడ్డు దాకా చేరాలి. ఒక్కో దఫాకు 20 కిలోల క్రేట్లు పది, వెనక కూర్చునే మనిషి ఒకరు. మొత్తం 260 కిలోలు, కట్టకు 130 అదనం.

తర్వాత కట్టల బిగువు, అంటే ఒక మిల్లీమీటరు కుంగడానికి ఎంత బరువు కావాలో, కొలవాలి. దానికి యూరియా బస్తాలు వాడాను. ఇప్పటి బస్తా 50 కాదు, 45 కిలోలు. 2018లో మారింది. ఇది మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది. నాలుగు బస్తాలు, 180 కిలోలు, వెనక ఇరుసుకు సరిగ్గా పైన చక్రాల పెట్టెల మధ్య పేర్చాను. చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిస్తే బస్తాలకు ముందూ తర్వాతా తేడా 40 మి.మీ. కట్టకు 90 కిలోలు, 40 మి.మీ.: మిల్లీమీటరుకు 2.25 కిలోలు. నేల నుంచి కాకుండా చక్రం మధ్య నుంచి కొలవడమే మేలు, టైరు గాలీ టైరు సైజూ లెక్కలోకి రావు.

ఖాళీ బండి నాలుగు మూలల కొలతలు: ముందు ఎడమ 428, కుడి 419. వెనక ఎడమ 421, కుడి 415.

జూన్ 15

ఈ పది రోజుల్లో తొందరపడ్డాను. తూకం చేతిలో ఉండి కూడా దాన్ని వాడకుండా హైదరాబాదులో ఒక దుకాణం నుంచి వెనక కట్టల జత తెప్పించాను. రెండంగుళాలు లేపుతుంది, బరువుకు తట్టుకుంటుంది అన్న రెండు మాటలకే ఒప్పుకున్నాను. బిగువెంత అని అడిగితే వాళ్ల దగ్గర అంకె లేదు. అక్కడే ఆగి ఉండాల్సింది.

కట్టకు ఏడు పట్టీలు, పాతవాటి కంటే మందం. బిగించగానే వెనక భాగం 70 మి.మీ. లేచి, బండి ముందుకు మొగ్గినట్టు నిలబడింది. మళ్లీ నాలుగు యూరియా బస్తాలు పెట్టి చూశాను. దిగింది 20 మి.మీ. మాత్రమే. మిల్లీమీటరుకు 4.5 కిలోలు, పాతదానికి సరిగ్గా రెండింతలు.

మృగశిర వచ్చాక మంచి వాన పడింది, వాగులో మోకాలి లోతు నీళ్లు. అక్కడే అసలు సంగతి బయటపడింది. ముందు ఎడమ చక్రం బండ ఎక్కగానే వెనక ఎడమ చక్రం గుంత మీదికి వచ్చింది. పాత కట్టలైతే ఆ చక్రం చేయి చాపినట్టు కిందికి జారి గుంత అడుగును పట్టుకునేది. ఈసారి గాలిలోనే నిలిచింది. జిప్సీ డిఫరెన్షియల్‌కు లాకు లేదు, బలమంతా గాలిలో ఉన్న చక్రానికే పోయింది. అది నీళ్లు చిమ్ముతూ ఉత్తగా తిరుగుతుంటే నేల మీదున్న చక్రం కదలలేదు. ట్రాక్టరు తెప్పించి లాగించాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చి చట్రం కింద జాకీ పెట్టి, చక్రం నేల వదిలేదాకా లేపి కొలిచాను. కొత్త కట్టలతో చక్రం మామూలు స్థితి నుంచి కిందికి దిగింది 45 మి.మీ. పాత కట్టలు తిరిగి పెట్టి చూస్తే 92. లెక్క కూడా అదే చెబుతోంది. 155 కిలోల బరువుకు మిల్లీమీటరుకు 2.25 కిలోల కట్ట 69 మి.మీ. కుంగుతుంది, 4.5 కిలోల కట్ట 34 మాత్రమే కుంగుతుంది. ఎంత కుంగి ఉందో గుంతలో అంత సాగగలదు, పైన ఇరుసు సొంత బరువు లాగే కొంచెం అదనం. కుంగని స్ప్రింగుకు సాగడానికి ఏమీ మిగలదు.

కాబట్టి ఎత్తు కట్ట వంపులోంచి రావాలి, బిగువులోంచి కాదు. బిగువు మోసే బరువును బట్టి రావాలి. ఈ వాక్యం రేకు పెట్టె మూతకు లోపలివైపు రాసి పెట్టుకున్నాను.

జూన్ 17

మిగిలిన దారులన్నీ ఒక్కొక్కటే చూశాను.

కట్ట కొసను చట్రానికి వేలాడదీసే ఊగుడు లింకులు షాకిళ్లు. వాటిని పొడవైనవి వేయడం చవక. ఇరుసు కట్ట మధ్యలో ఉంటుంది కాబట్టి షాకిల్ 50 మి.మీ. పెంచితే బండి లేచేది 25. కానీ జిప్సీ ముందు కట్టలకు షాకిల్ ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడిగిస్తే ఇరుసు ముందుకు వాలి క్యాస్టర్ కోణం (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది, వేగంలో స్టీరింగు నిలకడ పోతుంది. చీలికల్లాంటి ఇనప ముక్కలు పెట్టి సరిచేయవచ్చు. ఒకదాన్ని చెడగొట్టి ఇంకొకదానితో సరిచేయడం నాకు నచ్చలేదు.

ఇరుసుకూ కట్టకూ మధ్య దిమ్మలు పెట్టడం కట్ట ఇరుసు పైన ఉండే బండ్లకు, అదీ వెనక మాత్రమే చేయదగిన పని, ముందు ఇరుసుకు ఎవరు చెప్పినా పెట్టకూడదు. జిప్సీకి కట్ట ఇరుసు కింద ఉంటుంది, మధ్యలో దిమ్మ పెడితే బండి లేవదు, దిగుతుంది. బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలితిరిగే బలమంతా ఆ దిమ్మ మీద పడుతుంది. కట్టను ఇరుసు కింది నుంచి పైకి మార్చే పద్ధతి మరొకటి ఉంది. దానితో బండి దాదాపు ఐదంగుళాలు లేస్తుంది, స్టీరింగు లింకులు, ఇరుసుకు బలం చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణాలు, బ్రేకు పైపులు అన్నీ మార్చాలి. రాళ్ల పోటీలకు వెళ్లేవాళ్ల పని అది, క్రేట్లు మోసే బండికి తగదు.

పాత కట్టలనే సుత్తితో కొట్టి వంపు పెంచడం మిగిలింది. వెర్నియర్‌తో పట్టీలు కొలిచాను. తుప్పు తినని చోట 6 మి.మీ., పట్టీకి పట్టీ రాసుకునే కొసల దగ్గర 5.4. చూడటానికి అర మిల్లీమీటరే. పట్టీ బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఆ మందంలో 27 శాతం బిగువు పోయినట్టే. సుత్తి వంపు తెస్తుంది గానీ పోయిన ఉక్కును తేలేదు. ఇదే లెక్క అటువైపు చూస్తే, 6 బదులు 7 మి.మీ. పట్టీ వేస్తే బిగువు 59 శాతం పెరుగుతుంది. తెప్పించిన ఆ జత ఎందుకంత మొండిగా ఉందో ఇప్పుడు తెలిసింది.

జూన్ 22

మిర్యాలగూడ వెళ్లాను. బియ్యం లారీలు, వాడపల్లి సిమెంటు లారీలు తిరిగే ఊరు కావడంతో అక్కడ కమాన్ పని తెలిసినవాళ్లు ఉన్నారు. అద్దంకి రోడ్డు మీద ఒక పాత షెడ్డు, అందులో నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న చాచా. నా కాగితం చూసి, మొత్తం చదివి, కళ్లద్దాలు తీశారు.

“లారీకి బరువు మోసే కట్ట కావాలి బిడ్డా. నీ బండికి కాలు చాపే కట్ట కావాలి. నీకు లారీ కట్ట అమ్మారు” అన్నారు.

“మరి కోతప్పుడు పది క్రేట్లు ఎక్కుతాయి చాచా, అప్పుడు కుంగిపోదా?”

“దానికి అడుగున ఒక చదును పట్టీ వేస్తాను. ఖాళీగా ఉన్నప్పుడు అది ముట్టుకోదు. బరువు పడ్డాక పైవాటికి భుజం ఇస్తుంది.”

నేను పది రోజులు కాగితం మీద వెతికిన జవాబు అది.

ఇద్దరం కూర్చుని వెనక కట్ట ఖరారు చేశాం. పట్టీల సంఖ్య, వెడల్పు, 6 మి.మీ. మందం ఫ్యాక్టరీ కట్టవే. కొత్త ఉక్కు, ఈఎన్ 45 అనే స్ప్రింగు ఉక్కు. తుప్పు తిన్న పాతవాటి కంటే బిగువు కొంచెం పెరుగుతుంది కాబట్టి కుంగడం 10 మి.మీ. దాకా తగ్గుతుంది, ఆ మేరకు బండి దానంతటదే లేస్తుంది. 40లో మిగిలిన 30 వంపులో పెట్టాలి. కొత్త కట్ట మొదటి నెలలో కొంత కూర్చుంటుంది, దానికి మరో 10. మొత్తం పాత కట్ట వంపు మీద 40 అదనం. అడుగున చాచా చెప్పిన ఆ చదును పట్టీ, దాన్నే హెల్పర్ పట్టీ అంటారు.

ముందు కట్టలకు ఫ్యాక్టరీ బిగువే, వంపు మాత్రం 40 ఎక్కువ. వించీ, ఇనప బంపరు పెట్టేవాళ్లు ముందు గట్టి కట్టలు అడుగుతారు, ఆ బరువుకు అది న్యాయమే. నా బండికి అవి రెండూ లేవు, పెట్టను కూడా.

చాచా పని చేస్తుంటే మధ్యాహ్నం దాకా పక్కనే నిలబడ్డాను. కొలిమిలో ఎర్రబడిన పట్టీని వంపు అచ్చు మీద పెట్టి, రంగు చల్లారకముందే నూనె తొట్టిలో దింపారు. నూనె బుసకొట్టి పొగ లేచింది. తర్వాత మళ్లీ తక్కువ వేడిలో చాలాసేపు ఉంచారు. ఈ రెండో వేడి లేకపోతే పట్టీ గాజులా విరుగుతుంది, మొదటి నూనె మునక లేకపోతే మెత్తబడి నెలలో చదునవుతుంది. రోడ్డు పక్కన గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచి ఇచ్చే పట్టీలు అందుకే నిలవవు. కట్ట కూర్చాక ప్రెస్సు కింద పెట్టి పూర్తిగా చదునయ్యేదాకా మూడుసార్లు నొక్కారు. మొదటి నొక్కుకు వంపు 7 మి.మీ. తగ్గింది, రెండోసారికి 2, మూడోసారికి ఏమీ తగ్గలేదు. “ఇక్కడే కూర్చోబెట్టాం, రోడ్డు మీద తక్కువ కూర్చుంటుంది” అన్నారు. పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు చేత్తో రాసి, సెంటర్ బోల్టు బిగించి ఇచ్చారు.

జూలై 2

బిగింపు. దేవరకొండలో నాకు తెలిసిన మెకానిక్ అన్న షెడ్డులో రెండు రోజులు పట్టింది.

కట్టను ఇరుసుకు బిగించే యు బోల్టులు కొత్తవి. ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అదే పట్టు ఇవ్వదు. కట్ట కొసల్లో ఉండే రబ్బరు బుష్షులూ కొత్తవే. ఇక్కడొక చిన్న తప్పు జరిగింది, రాసి పెట్టడం అవసరం. చక్రాలు గాలిలో ఉండగానే షెడ్డు కుర్రాడు షాకిల్ బోల్టులన్నీ పూర్తిగా బిగించేశాడు. బండి దించితే ముందు భాగం అనుకున్న దానికంటే 15 మి.మీ. ఎక్కువ ఎత్తులో నిలిచింది. రబ్బరు బుష్షు బిగించిన స్థితిలోనే పట్టుకుంటుంది. బండి బరువు పడినప్పుడు అది మెలితిరిగి, తనే ఒక స్ప్రింగులా తిరగబడుతుంది. అలా వదిలేస్తే కొన్ని వారాల్లో రబ్బరు చిరుగుతుంది. బోల్టులన్నీ వదులు చేసి, బండిని నేల మీద నిలబెట్టి నాలుగుసార్లు ఊపి, బరువు మీదే బిగించాం. ఆ 15 మి.మీ. పోయింది.

షాక్ అబ్జార్బర్ల సంగతి ముందే లెక్క వేశాను. చట్రం 40 లేచింది, చక్రం అక్కడి నుంచి ఇంకో 78 దిగుతోంది. పాత స్థితి నుంచి దిగిన 92తో పోలిస్తే 26 మి.మీ. ఎక్కువ సాగాలి. పాత షాకుకు అంత పొడవు లేదు. వదిలేస్తే గుంతలో ఇరుసు బరువంతా షాక్ కడ్డీకి వేలాడి, ఏదో ఒక రోజు బ్రాకెట్టే ఊడుతుంది. 40 మి.మీ. ఎక్కువ సాగేవి తెచ్చాను. పొడవైన షాకు ముడుచుకున్నప్పుడు కూడా పొడవుగానే ఉంటుంది కాబట్టి, బంప్ రబ్బరు తగిలే స్థితిలో షాకు అడుగంటడం లేదని జాకీ పెట్టి చూసుకున్నాం. బ్రేకు గొట్టాలూ చక్రం పూర్తిగా దించి, స్టీరింగు రెండు వైపులా తిప్పి చూశాం. ముందు కుడి గొట్టం బిగుసుకుపోతోంది, మార్చాం.

బండి లేచాక స్టీరింగు లింకు వాలు మారి, నేరుగా పోతున్నా స్టీరింగు చక్రం ఒక పక్కకు వాలి కనిపించింది. లింకు మరలు రెండు చుట్లు తిప్పితే సరిపోయింది. ప్రొపెల్లర్ షాఫ్టు నుంచి అదురు లేదు, 80 దాకా తోలి చూశాను.

యూరియా బస్తాల పరీక్ష మళ్లీ: నాలుగు బస్తాలకు 34 మి.మీ. మిల్లీమీటరుకు 2.65 కిలోలు. కోరుకున్నది ఇదే.

జూలై 11

పునర్వసు వానలకు వాగు మళ్లీ పారింది. అదే బండ, అదే గుంత. షాక్ కడ్డీకి పొద్దునే ఒక కేబుల్ టై కట్టి పెట్టాను, షాకు ఎంత మేర ముడుచుకుంటే అది అంత పైకి జరిగి అక్కడే ఆగుతుంది. బండ మీదికి ముందు చక్రం ఎక్కింది. కిటికీలోంచి వంగి వెనక చక్రాన్నే చూస్తున్నాను. అది నెమ్మదిగా దిగి, నీళ్లలో మునిగి, గుంత అడుగున ఇసుకను పట్టింది. లో గేరులో, యాక్సిలరేటరు మీద బలం పెట్టకుండానే బండి అవతలికి నడిచింది. నడుముకు ఏమీ తగల్లేదు. అవతలి గట్టున దిగి చూస్తే కేబుల్ టైకీ, షాకు పూర్తిగా ముడుచుకునే చోటుకూ మధ్య ఇంకా 20 మి.మీ. దూరం మిగిలే ఉంది.

డిఫరెన్షియల్ కింద మాత్రం ఒక రాయి కొత్తగా గీసింది. ఎందుకో తెలిసిందే. కొత్త టైర్లు ఇంకా రాలేదు.

ఆగస్టు 14

టైర్లు వచ్చాయి, వేశాం. 600 కిలోమీటర్ల తర్వాత యు బోల్టులు మళ్లీ బిగించాం, ప్రతిదీ కొద్దికొద్దిగా తిరిగింది. కొలతలు: ముందు ఎడమ 466, కుడి 460, వెనక ఎడమ 462, కుడి 457. బిగించిన రోజు కంటే అన్ని మూలలా 4 నుంచి 6 మి.మీ. కూర్చుంది. పాత కొలతల మీద సుమారు 40 నిలిచింది. కుడివైపు తేడా మునుపటి నుంచీ ఉన్నదే, ముందు కుడి మూలకు ఒక పలుచని పట్టీ కలపాలా అని చాచాను అడగాలి.

నిన్న మొదటి కోత. పది క్రేట్లు, వెనక నాన్న. నిండు బరువుతో ఎనిమిది దఫాలు వాగు దాటింది. సాయంత్రం క్రేట్లు దించాక టార్చిలైటు పట్టుకుని కిందికి దూరాను. అడుగునున్న హెల్పర్ పట్టీ కొసన నల్ల రంగు పోయి, రూపాయి బిళ్లంత మేర ఉక్కు తెల్లగా మెరుస్తోంది. పై పట్టీ ఆనిన గుర్తు అది. రెండు వైపులా అదే చోట, దాదాపు అంతే మేర. ఇప్పుడు ఖాళీ బండికి ఆ రెంటి మధ్య నా వేలు దూరుతోంది.